స్టిక్కరుంటే బ్యాటరీ మాట వింటుంది

లిథియం బ్యాటరీ ఎవరి మాటా వినదు, ఒక్క స్టిక్కరు మాట తప్ప. అట్టపెట్టె మీద 'లిథియం బ్యాటరీ' హెచ్చరిక స్టిక్కరు అంటించగానే బుద్ధిగా కూర్చుంటుందని మన కొరియర్ కౌంటర్లలో గాఢ విశ్వాసం. స్టిక్కరు చుట్టూ ఎర్ర వాలుగీతలుండాలని నియమం. జిరాక్సులో అవి బూడిదరంగులోకి మారాయంటారా? భక్తి ముఖ్యం కదా.

అమెరికాలో అబ్బాయికి పార్శిల్. ఆవకాయ డబ్బాకు మూడు కవర్లు, నాలుగు చుట్లు టేపు. ఇరవై వేల ఎంఏహెచ్ పవర్‌బ్యాంకుకు పాత పేపరు. టార్చిలైటు విడి లిథియం సెల్లు రెండింటికి అదీ లేదు, స్టీలు గరిటె పక్కన దొర్లుతున్నాయి. గరిటె సెల్లు రెండు కొసలనూ కలిపితే షార్టే. కొసలకు టేపు వేసి, ఒక్కోటి ఒక్కో కవర్లో పెడితే సరిపోయేది. ఆ టేపంతా ఆవకాయకే అయిపోయింది పాపం.

"చార్జింగ్ ఫుల్లుగా ఉందా అమ్మా?"

"నాలుగు లైట్లూ వెలుగుతున్నాయి బాబూ, పార్శిల్ అందగానే వాడుకుంటాడు."

విమాన సరుకు నియమం చెప్పేది చార్జింగ్ 30 శాతం మించకూడదని. నాలుగు లైట్లలో ఒకటి వెలిగితే ఎక్కువ. పవర్‌బ్యాంకు పట్టే శక్తి మొత్తం, డెబ్బై నాలుగు వాట్ అవర్లు, నిండుగా నింపి మరీ పంపుతున్నాం, మన మర్యాద అలాంటిది.

కౌంటర్ కుర్రాడు స్టిక్కరు మీద 3481 రాశాడు. అది పరికరంతో వెళ్లే బ్యాటరీకి ఐక్యరాజ్యసమితి ఇచ్చిన నంబరు. పవర్‌బ్యాంకు పరికరం కాదు, అదే బ్యాటరీ, దానిది 3480. ప్రయాణికుల విమానంలో సరుకుగా వెళ్లకూడదు. సరుకు విమానానికైనా క్లాస్ 9 (ఇతర ప్రమాదకర సరుకు) లేబులు, 'ఇందులో ప్రమాదకర సరుకుంది' అని శిక్షణ పొందినవాడు సంతకం పెట్టిన డిక్లరేషన్ కావాలి. 2022 ఏప్రిల్ నుంచి విడి బ్యాటరీలకు ఆ డిక్లరేషన్ మినహాయింపు కూడా లేదు. ఇక్కడ ఇన్‌వాయిస్‌లో రాసింది: "గిఫ్ట్ ఆర్టికల్స్." అట్ట మీద బ్యాటరీ, కాగితం మీద కానుక!

2010 సెప్టెంబర్ 3న దుబాయ్‌లో బయల్దేరిన యూపీఎస్ సరుకు విమానంలో మంట పుట్టింది. కాక్‌పిట్ నిండా పొగ, ఎదురుగా ఉన్న మీటర్లు కూడా కనబడలేదు. ఇద్దరు పైలట్లూ చనిపోయారు. ఆ సరుకులో ప్రమాదకరమని ప్రకటించని లిథియం బ్యాటరీలున్నాయి. ఎవడో ఎక్కడో బద్ధకించి ఒక గడి నింపలేదు. అది బద్ధకం కాదు, ఇతరుల ప్రాణాలతో బేరం. అబ్బాయికి అంత అవసరమైతే అక్కడే కొనుక్కోడా? వెళ్లేవాళ్లు చేతిసంచిలో పట్టుకెళ్లరా?

తర్వాతి వాడు ఉబ్బిపోయిన ఫోను బ్యాటరీ తెచ్చాడు, వారంటీలో మార్పించాలట. ఉబ్బినది ఏ విమానంలోనూ ఎక్కకూడదు. పెట్టె మూత పడట్లేదు. కుర్రాడు రెండు అరచేతులతో బలంగా అదిమి, పైన స్టిక్కరు వేశాడు.