దాలెత్‌ను రేష్ అని చదివితే యూదురాలు కాకుండా పోతుందా?

లండన్‌లో మా ఇంటికి దగ్గరలో ఉన్న ఒక లిబరల్ యూదు ప్రార్థనా మందిరంలో గురువారం సాయంత్రాలు పెద్దవాళ్లకు హీబ్రూ అక్షరాలూ, యూదుల పండుగలూ ఆచారాలూ నేర్పుతారు. నేను యూదుణ్ణి కాను, కానీ తెలుసుకోవాలన్న కోరికతో కొన్ని నెలలుగా వెళుతున్నాను. నిన్న అక్కడ జరిగినది తలచుకుంటే రాత్రంతా నిద్ర పట్టలేదు.

నా పక్కన కూర్చునే ఆవిడకు అరవై దాటాయి. తండ్రి యూదుడు, తల్లి కాదు. చిన్నప్పుడు ఆమెకు ఎవరూ ఏమీ నేర్పలేదు. నిన్న అక్షరాల కింద వేలు పెట్టి కూడబలుక్కుంటూ ‘ఎహాద్’ (ఒక్కడే) అన్న మాటను, చివరి ‘ద’ అక్షరం దాలెత్‌ను ‘ర’ అక్షరం రేష్ అనుకుని, ‘ఎహార్’ అని చదివింది. తరగతి ఎలా ఉంటుందో చూద్దామని వచ్చిన ఒక పెద్దమనిషి నవ్వి, “తల్లి యూదురాలు కానప్పుడు ఎలాగూ మీరు మాలో లెక్కకు రారు, ఈ వయసులో అక్షరాలు దిద్దడం ఎందుకు?” అన్నాడు. ఆమె బదులు చెప్పలేదు. కళ్లజోడు తీసి పెట్టెలో పెట్టుకుని వెళ్లిపోయింది.

దాలెత్‌కూ రేష్‌కూ తేడా ఎంత? పై మూలలో చిన్న కొస, అంతే. మన ‘ప’కూ ‘వ’కూ ఉన్న తేడా లాంటిదే. యూదుల పవిత్ర గ్రంథమైన తోరాను రాసే చుట్టలో ‘ఇశ్రాయేలూ, వినుము’ అనే వాక్యం చివరి మాట ‘ఎహాద్’లోని దాలెత్‌ను లేఖకులు పెద్దదిగా రాస్తారు. దాన్ని రేష్ అనుకుంటే ‘ఒక్కడే’ అన్న అర్థం ‘మరొకడు’ అయిపోతుందన్న భయంతోనే అలా రాస్తారని సంప్రదాయం చెబుతుంది. తరతరాలుగా ఆ చుట్టను చేత్తో రాస్తూ వచ్చినవాళ్లే ఈ పొరపాటు ఎవరికైనా జరుగుతుందని ఒప్పుకున్నారు, ఆ పెద్దమనిషికి మాత్రం అది నవ్వులాట అయింది. యూదుల ప్రాచీన మతగురువుల్లో గొప్పవాడైన రబ్బీ అకీవా నలభయ్యో ఏట కొడుకుతో పాటు పలక పట్టి అక్షరాలు నేర్చుకున్నాడన్న కథ ఆయనకు తెలియదా?

1920లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో యూదు తత్వవేత్త ఫ్రాంజ్ రోజెన్‌జ్వైగ్ పెద్దవాళ్ల కోసం విద్యాలయం తెరిచింది సరిగ్గా ఇలాంటివారి కోసమే. ఇంట్లో ఏమీ నేర్చుకోకుండా పెరిగి, బయటి నుంచి లోపలికి దారి వెతుక్కునేవారికి అక్కడ చోటు దొరికింది. ఆయనే ఒకప్పుడు క్రైస్తవం తీసుకోబోయి ఆగినవాడు. 1933లో నాజీలు యూదులను చదువుల నుంచి, ఉద్యోగాల నుంచి వెళ్లగొడుతున్నప్పుడు మరో యూదు తత్వవేత్త మార్టిన్ బూబర్ ఆ విద్యాలయాన్ని మళ్లీ తెరిచాడు. అంతటి కష్టకాలంలో పెద్దవాళ్లు నేర్చుకోవడానికి కూర్చున్నారంటే, నేర్చుకోవడం వాళ్లకు కాలక్షేపం కాదు, ప్రాణం నిలుపుకునే పని.

లిబరల్ అంటే నియమాలు వదిలేసినవారన్న మాట కూడా విని విని విసిగిపోయాను. 1902లో లిలీ మాంటెగ్యూ, క్లాడ్ మాంటెఫియోరీ తదితరులు ఇక్కడ ఈ ఉద్యమం మొదలుపెట్టింది మతం చేజారిపోతున్నవారిని నిలుపుకోవడానికే. స్త్రీ పురుషులు పక్కపక్కన కూర్చునేదీ, యూదు తండ్రికి పుట్టి యూదులుగా బతికేవారిని తమవారనుకునేదీ అందుకే. లండన్‌లో చదువుకునే రోజుల్లో ఆ స్ఫూర్తి పొందిన డాక్టర్ జెరూషా జిరాద్, 1925లో బొంబాయిలో బెనె ఇజ్రాయెల్ అనే భారతీయ యూదు సమాజం మధ్య అదే ఉద్యమానికి పునాది వేశారు.

అయినా పరాయివాళ్లను అని ఏం లాభం? మా గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తాము యూదులమని చెప్పుకునే బెనె ఎఫ్రాయిమ్ కుటుంబాలు తెలుగు మాట్లాడుతూ, శనివారం విశ్రాంతి దినం పాటిస్తూ, హీబ్రూ నేర్చుకుంటున్నాయి. వాళ్ల మాట ఎత్తిన ప్రతిసారీ మనవాళ్లు మొదట అడిగేది కులం, తరువాత అడిగేది ఇజ్రాయెల్ వెళ్లడానికేనా అని. ఏం చదువుతున్నారు, పిల్లలకు ఏం నేర్పుతున్నారు అని ఇన్నేళ్లలో ఒక్కరూ అడగగా నేను వినలేదు. చదువును వదిలి పుట్టుకను అడిగే అదే ధోరణిని ఈ దేశంలోనూ చూడవలసి వచ్చింది.

ఆవిడ పుస్తకం బల్ల మీదే మరచిపోయింది. ఇప్పుడు నా ముందుంది. ఆ మాటలోని దాలెత్ మూల చుట్టూ ఆమె ఎప్పుడో పెన్సిల్‌తో చిన్న సున్న చుట్టుకుంది. రేపు ఆమె ఇంటికి వెళ్లి ఇచ్చి, వచ్చే గురువారం తోడుగా తీసుకువెళ్లడానికి వస్తానని చెబుతాను.