మూడు ఎండలు, ఒక బరకం

వాతావరణ శాఖ మాటలకు లెక్కలున్నాయి. ఒక ప్రాంతంలోని వాన కొలిచే కేంద్రాల్లో నాలుగో వంతుకు మించకుండా వాన పడితే ‘ఒకటి రెండు చోట్ల’ అంటారు, సగం దాకా అయితే ‘కొన్ని చోట్ల’. కోనసీమలో లెక్క ఇంకా సులువు. ఒకటో చోటు వడియాలు పెట్టిన డాబా, రెండో చోటు దాళ్వా (రబీ) ధాన్యం ఆరబోసిన రోడ్డు.

2025 వేసవినే తీసుకోండి. మార్చి 31న వచ్చిన మూడు నెలల అంచనా దేశంలో చాలా చోట్ల మామూలుకన్నా ఎక్కువ ఎండలంది. ఇంకేం, గుమ్మడికాయలు కొన్నారు. తీరా చూస్తే 1901 నుంచి దేశం మొత్తమ్మీద ఏ మే నెలలోనూ అంత వాన లేదు. జూన్ 1న కేరళకు రావాల్సిన నైరుతి మే 24నే దిగింది, రోళ్ళు పగలగొట్టే రోహిణి కార్తెకు ఒక్కరోజు ముందు. అంచనాను తిట్టి లాభం లేదు, అది మూడు నెలల సగటు. సగటు ఎండలో వడియం ఎండదు. దానికి వరసగా మూడు అసలు ఎండలు కావాలి.

బూడిద గుమ్మడి ముక్కల్లో ఉప్పు, పసుపు కలిపి గుడ్డలో మూటగట్టి, రాత్రంతా బరువు పెట్టి నీరు ఓడ్చాలి. నానిన మినప్పప్పును నీళ్ళు పొయ్యకుండా గట్టిగా రుబ్బి, పచ్చిమిర్చి, జీలకర్ర, ఇంగువ చేర్చి, ఎండెక్కకముందే డాబా ఎక్కాలి. గండమంతా రెండో రోజు సాయంత్రం. పైన పెంకు కడుతుంది, లోపల పచ్చి.

పడమటి పొడిగాలికి మధ్యాహ్నం సముద్రపు తేమగాలి తగిలిందా, ఆ వేడికి మబ్బు నిలువునా లేస్తుంది. వాయవ్యం మూల నల్లబడి, ఉన్నట్టుండి చల్లగాలి విసిరిందంటే ఇక టైము లేనట్టే. బరకం, అదే టార్పాలిన్ పట్టా, కప్పెయ్యాలి.

“ఏవండీ, బరకం ఏదండీ?”

“కళ్ళంలో ధాన్యమ్మీద కప్పానే. తేమ 17 శాతం దాటితే కొనరు మరి!”

“ధాన్యానికి గవర్నమెంటుంది. నా వడియాలకెవరున్నారండీ?”

బరకం లేకపోతే వడియాలు పెట్టిన పంచెనే ఎత్తి లోపలికి తేవాలి, దాని నాలుగు కొసలకూ నలుగురుండాలి. ఇద్దరే పట్టుకుంటే మధ్యలో కుంగి, వడియాలన్నీ ఒకే వడియమవుతాయి. సగ్గుబియ్యం వడియాలైతే ఆ గొడవే లేదు, తూములోంచి వాటి దారిన అవే పోతాయి.

తడిసినవాటిని ఫ్యాను కింద పెట్టడం వట్టి ఆశ. పైనే ఆరతాయి, మర్నాటికి పులుపు వాసన, ఆపైన బూజు. ఇంకా మెత్తగా ఉంటే ఆ రాత్రే పునుగుల్లా నూనెలో వేసెయ్యడం మేలు.

“వానలో భలే ఉన్నాయోయ్, రేపు కూడా వెయ్యి” అనే మనిషి ప్రతి ఇంట్లోనూ ఒకడుంటాడు. బరకం పట్టుకెళ్ళింది అతనే.