స్టాండ్ బై గారికి, గాల్లోంచి

గౌరవనీయులైన స్టాండ్ బై గారికి,

నమస్కారం. ఎయిర్‌పోర్టు ఆకాశంలోకి రావచ్చా అని పైలట్ రేడియోలో అడిగితే, కంట్రోల్ టవర్ జవాబుగా విసిరే ఆ ఒక్క మాట మీరే కదా. నేనేనండీ, ఆదివారం మధ్యాహ్నం మీ గుమ్మం బయట 1,500 అడుగుల ఎత్తులో ఒకే వాటర్ ట్యాంకు చుట్టూ 11 చుట్లు తిరిగిన నాలుగు సీట్ల విమానంవాణ్ణి. మీకు గుర్తుండదు. అసలు గొడవ అదే.

పుస్తకంలో మీ అర్థం ఎంత ముచ్చటగా ఉంటుందో! 'ఆగండి, నేనే పిలుస్తాను.' అప్పు తీసుకున్నవాడు కూడా ఇలాగే అంటాడు. మీరు అవునూ కాదు, కాదూ కాదు. మీరు చెవిన పడ్డాక అనుమతి లేకుండా లోపలికొస్తే లైసెన్సుకి ఎసరు. పోనీ ఆగుదామంటే, సారూ, మాది విమానం. దానికి ఆగడం రాదు.

సెకనుకు 3 డిగ్రీల చొప్పున తిరిగితే చుట్టుకి 2 నిమిషాలు. మొత్తం 22 నిమిషాలు. గంటకు 35 లీటర్లు తాగే ఇంజన్ దాదాపు 13 లీటర్లు మింగేసింది. ఐదో చుట్టులో కింద డాబా మీదికి ఎవరో వచ్చి పైకి చూశారు. ఏడో చుట్టుకి ముగ్గురయ్యారు. పక్క సీట్లో మేనల్లుడు, "మామయ్యా, దారి తప్పామా?" అన్నాడు.

మళ్లీ పిలవాలా వద్దా? ఆలస్యమైతే పిలవొచ్చట. ఎంతయితే ఆలస్యమో ఎక్కడా రాయలేదు. పిలిస్తే విసుగు, పిలవకపోతే మరుపు. తెగించి రేడియో బటన్ నొక్కాను. సరిగ్గా అప్పుడే ఇంకెవరో నొక్కారు. కీచుమని ఒక శబ్దం, ఆ తర్వాత మీరు: "పిలిచిన విమానం, స్టాండ్ బై." మొదటిసారి కనీసం నా కాల్‌సైన్‌తో, అంటే రేడియోలో నా విమానం పేరుతో, వచ్చారు. ఈసారి అదీ పోయింది!

రేడియోలో వినపడే మీ బంధువుల సంగతి ఇంకోసారి రాస్తాను. రెండు గంటల దిక్కున, అంటే ముందు కుడివైపున, ఉందంటారు గానీ కంటికి ఎప్పుడూ కనపడని ఇంకో విమానం, ఆ 'ట్రాఫిక్'; దిగేముందు రన్‌వే పక్కగా ఎదురుదిశలో ఎగరమని పక్క జిల్లా దాకా సాగదీసే ఆ 'డౌన్‌విండ్'.

అయినా ఒక్క 'కుదరదు' అనడానికి ఏం పోయింది? కుదరదంటే 15 నిమిషాల్లో ఇంకెక్కడైనా దిగేవాణ్ణి కదా! ఆశ పెట్టి తిప్పడం ఏం మర్యాద?

అవతల గొంతు బొంగురుపోయి ఉందని నాకూ తెలుసు. ఒక్క మనిషి అన్ని జెట్లని వరసలో పెడుతున్నాడు, వాటిలో ఒకదాంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదు. ఆ వరసలో నేను చివర ఉండటం న్యాయమే. తెలిసినా మంట తగ్గలేదు.

చివరికి పిలుపొచ్చింది. "నేరుగా రండి, వీలైనంత వేగంగా. మీ వెనక జెట్ ఉంది." 22 నిమిషాలు కూర్చోబెట్టి ఇప్పుడు పరిగెత్తమంటారా! మామూలుగా 65 నాట్ల వేగంతో దిగేవాణ్ణి, రన్‌వే దగ్గరపడేదాకా 110 తగ్గకుండా తోలుకొచ్చాను.

దిగాక రేడియోలో అదే బొంగురు గొంతు, "ఓపిక పట్టినందుకు థాంక్స్" అంది.

"అయ్యో, పర్లేదండీ" అన్నాను, తేనె ఒలకబోస్తూ. మేనల్లుడు హెడ్‌సెట్ తీసి నావైపు చూశాడు.

ఇట్లు,
పిలిచిన విమానం