గ్రామసభ తీర్మానాల పుస్తకం గారికి ఒక అభ్యంతర లేఖ

ఉద్దానం,
శ్రీకాకుళం జిల్లా.

గౌరవనీయులైన గ్రామసభ తీర్మానాల పుస్తకం గారికి, కొబ్బరి తోటల నడుమనున్న మా పంచాయతీలోని ఒక ఓటరు, విశ్రాంత ఉపాధ్యాయుడు, నమస్కరించి వ్రాయునది. కార్యాలయపు ఇనుప బీరువాలో మీరు క్షేమంగా ఉన్నారని తలుస్తాను. మేమూ క్షేమమే గాని, ఐకమత్యం విషయంలో మీకున్నంత ఆరోగ్యం మాకు లేదు.

మా ఊళ్లో టీ కొట్లు రెండు. ఏ కొట్లో టీ తాగాడన్నదాన్నిబట్టి మనిషి ఎవరికి ఓటు వేశాడో చెప్పేయవచ్చు. పొరపాటున రెండో కొట్లో తాగినవాడు వారం రోజులు సంజాయిషీ చెప్పుకోవలసి ఉంటుంది. అమ్మవారి సంబరానికి చందా పుస్తకాలు రెండు. సొంత అన్నదమ్ముల పిల్లల పెళ్లికి వెళ్లినవారు కూడా చదివింపులు చదివించి, విస్తరి ముందు కూర్చోకుండా తిరిగి వస్తున్నారు. సర్పంచి ఎన్నిక పార్టీల గుర్తులపై జరగదు; పార్టీలతో నిమిత్తం లేని గుర్తులే ఇస్తారు. కానీ ఏ గుర్తు ఎవరిదో మా ఊళ్లో పాలిచ్చే గేదెకు కూడా తెలుసు.

ఇటువంటి ఊరి గురించి మీ పుటల్లో చదివితే నాకు కళ్లు చెమర్చాయి. ఎన్ని తీర్మానాలు చూసినా చివరి వాక్యం ఒక్కటే: ‘సభ్యులందరూ ఏకగ్రీవంగా ఆమోదించడమైనది.’ గ్రీవమంటే మెడ. ముప్పై ఏళ్లు తెలుగు పాఠం చెప్పినవాణ్ని గనుక అడుగుతున్నాను: ఒకరి మొహం ఒకరు చూడకుండా చెరో వైపు తిప్పుకున్న ఇన్ని మెడలను తమరు ఏ మంత్రంతో ఒక్కటి చేశారు?

మంత్రమేమిటో తరువాత తెలిసింది. తమరు సంచిలో కూర్చుని, మోటారు సైకిలు మీద, భోజనాల వేళకు ఇల్లిల్లూ తిరుగుతారు. ముందు సంతకం, ఆ తరువాత సభ, అదీ జరిగితే. ఒకనాటి హాజరు పట్టీలో మా పొరుగింటి కుర్రవాడి పేరు చూసి ఆశ్చర్యపోయాను; ఆ రోజున అతడు చెన్నైలో సెంట్రింగు పనిలో ఉన్నాడు. ఊరు విడిచి వలసపోయినవారిని ఒక్క సంతకంతో వెనక్కి రప్పించగల శక్తి తమకు తప్ప మరెవరికీ లేదు.

తమరు చిన్నవారేమీ కారు. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చిన నాటి నుంచి గ్రామసభకు రాజ్యాంగంలోనే చోటుంది. ఓటరుగా నమోదైన ప్రతి ఒక్కరూ అందులో సభ్యులే. శాసనసభకు మనం ఒకరిని పంపుతాం గాని, ఈ సభకు మనమే వెళ్లాలి; ఆ వెళ్లే శ్రమ మాకు తప్పించినందుకు తమకు కృతజ్ఞులం. 2021 పంచాయతీ ఎన్నికల్లో పోటీ లేకుండా సర్పంచిని ఎన్నుకునే ఊళ్లకు జనాభానుబట్టి 5 లక్షల నుంచి 20 లక్షల రూపాయల వరకు ప్రోత్సాహకం ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. ఏకగ్రీవానికి అంత ధర పలుకుతున్న రోజుల్లో కూడా తమరు దానిని మాకు ఉచితంగా పంచిపెట్టారు.

అయితే ఏకగ్రీవమంటే నాకు వైరమేమీ లేదు. పార్వతీపురం మీదుగా రాయగడ వైపు వెళితే, సరిహద్దుకు అవతల నియమగిరి కొండలున్నాయి. అక్కడ బాక్సైట్ తవ్వకం సంగతి గ్రామసభలే తేల్చాలని 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ జూలై, ఆగస్టు నెలల్లో 12 కొండ పల్లెల్లో, జిల్లా జడ్జి సమక్షంలో సభలు జరిగాయి. కొండవాసులు లేచి నిలబడి తమ కొండ గురించి తాము చెప్పవలసింది చెప్పారు. 12 సభలూ తవ్వకం వద్దనే తీర్మానించాయి. వారిది మాట్లాడిన తరువాత కుదిరిన ఏకగ్రీవం, మనది మాట్లాడకముందే వ్రాసి పెట్టుకున్నది.

తమరి పుటల్లో లేని రోజు మరొకటి ఉంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు, తాతలు నాటిన కొబ్బరి చెట్లు, జీడి చెట్లు మా కళ్ల ముందే నేలకొరిగాయి. కరెంటు లేదు, దారి లేదు. ఆ ఉదయం రోడ్డు మీద పడిన చెట్లను కోయడానికి ఒక కొట్టువారు రంపం తెస్తే, రెండో కొట్టువారు గొడ్డళ్లు తెచ్చారు. జనరేటరు ఒకరిది, మంచినీళ్ల మోటారు రెండో వీధిలోది, డీజిలు ఖర్చు ఇంటికింత అని వేసుకున్నారు. అన్ని రోజులూ రెండు కొట్లలోనూ పొయ్యి వెలగలేదు గనుక ఊరంతా ఒకే గంజి తాగింది. ఎవరూ ఎజెండా వ్రాయలేదు, సంతకాలు తీసుకోలేదు. తరువాత నష్టపరిహారం జాబితా తయారైంది. దానితో పడిపోయిన చెట్లకు కూడా పార్టీ సభ్యత్వం వచ్చింది. మళ్లీ తమరి రాజ్యం మొదలైంది.

ఇంతకూ ఈ లేఖ వ్రాయడానికి కారణం 2024 ఆగస్టు 23 నాటి సభ. రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజున ఉపాధి హామీ పనుల మీద గ్రామసభలు పెట్టారు గనుక, ఆ నాడు తమరు సంచి విడిచి బల్ల మీదికి రాక తప్పలేదు. పనుల జాబితా చదవడం అయ్యింది. ‘ఏకగ్రీవంగా’ అన్న మాట కలం కొసకు వచ్చింది. అప్పుడు పొదుపు సంఘంలో ఉన్న ఒక కోడలు వెనుక వరుసలోంచి లేచింది.

‘బాబూ, నాను ఒప్పుకోను. అలాగే రాయండి. మురుగు కాలవ మా వీధి మొగలో ఎందుకు ఆగిపోనాది?’

కలం ఆగింది. అభ్యంతరం ఎక్కడ వ్రాయాలో ఎవరికీ తెలియదు. ఆమె కూర్చోలేదు. ఇంతలో అవతలి వీధి పెద్దాయన, ఆమె మామగారితో పదేళ్లుగా మాటలు లేని మనిషి, గొంతు సవరించుకుని, ‘ఆ పిల్ల సెప్పింది నిజమే. నాదీ రాయండి’ అన్నాడు. ఆ తరువాత మరో చేయి లేచింది.

తమరి పుటల మీద మొట్టమొదటిసారి ‘ముగ్గురు సభ్యులు అభ్యంతరం తెలిపినారు’ అని పడింది. ఆ సాయంత్రమే కాలువను టేపు పట్టి మళ్లీ కొలిచారు, టేపు ఒక కొస ఆమె చేతిలో, రెండో కొస పెద్దాయన చేతిలో. కాలువ ఇంకా పూర్తి కాలేదు. టీ కొట్లు ఇప్పటికీ రెండే. పెద్దాయనా ఆమె మామగారూ ఇప్పటికీ మాట్లాడుకోవడం లేదు. అయినా ఆ ఒక్క పంక్తిని మూడుసార్లు చదువుకున్నాను. మీ పుటలన్నిటిలో మా ఊరిని నేను గుర్తుపట్టగలిగింది ఆ ఒక్క చోటనే.

కనుక మనవి ఏమనగా, వచ్చే సభనాడు హాజరు పట్టీకీ ‘ఏకగ్రీవంగా’ అన్న మాటకూ నడుమ ఒక పది పంక్తులు ఖాళీగా ఉంచవలెను. నేనూ వస్తాను. కోడలి కాలువ కొలత మీద నాకు కొంత అభ్యంతరం ఉంది.

ఇట్లు,
తమరి పుటల్లో పదకొండు సభలకు హాజరై,
వాస్తవానికి మూడింటికి మాత్రమే వచ్చిన
ఒక సభ్యుడు.