ఆస్కై ఎదుగుదలకు ఇథియోపియన్ అండ ఒక్కటే కారణం కాదు
పశ్చిమ ఆఫ్రికాలో ఆస్కై విమానయాన సంస్థ నిలదొక్కుకోవడానికి ఇథియోపియన్ ఎయిర్‌లైన్స్ అండే ఏకైక కారణమని ఇటీవల ఒక వ్యాసంలో రాసిన వ్యాసకర్త మాటతో సగమే ఏకీభవిస్తాను. సాంకేతిక నైపుణ్యం, నిర్వహణ క్రమశిక్షణ ఇథియోపియా రాజధాని అడిస్ అబాబా నుంచి వచ్చాయన్నది నిజమే. కానీ 1961లో పదకొండు ఫ్రెంచి భాషా దేశాలు కలిసి స్థాపించిన ఎయిర్ ఆఫ్రిక్ విమానయాన సంస్థ 2002లో మూతపడి వదిలిన ఖాళీ లేకపోతే, 2010లో ఎగరడం మొదలుపెట్టిన ఈ సంస్థకు అంత చోటు దొరికేదా? పైగా టోగో వంటి చిన్న దేశపు రాజధాని లోమేను కేంద్రంగా ఎంచుకోవడంలోనే అసలు తెలివి ఉంది. స్థానిక ప్రయాణికులు తక్కువ కనుక ఒక నగరం నుంచి వచ్చినవారిని మరో నగరానికి విమానం మార్చి పంపడం మీదే వ్యాపారం నిలబడాలి. నేను ఘనా రాజధాని అక్రాలో ఉద్యోగం చేసిన రోజుల్లో లోమే మీదుగా గబాన్ రాజధాని లిబ్రవిల్ వెళ్లినప్పుడు, నాతోపాటు దిగినవారిలో ఊళ్లోకి వెళ్లినవారు కొద్దిమందే, మిగతావారంతా తర్వాతి విమానం కోసం నిలబడ్డవారే. వ్యాసంలో ప్రస్తావనకు రానిది పన్నుల భారం. ఆ ప్రాంతంలో పొరుగు దేశానికి గంట ప్రయాణమైనా టికెట్ ధరలో పన్నులు, రుసుములే పెద్ద వాటాను మింగేస్తాయి. విమాన ప్రయాణ పన్నులను 2026 జనవరి 1 నుంచి ఎత్తివేయాలని పశ్చిమ ఆఫ్రికా దేశాల ఆర్థిక కూటమి ఎకోవాస్ నిర్ణయించింది గానీ, మాలీ, బుర్కినా ఫాసో, నైజర్ 2025 జనవరిలోనే ఆ కూటమి నుంచి వైదొలిగాయి కనుక మాలీ రాజధాని బమాకో, నైజర్ రాజధాని నియామే మార్గాల్లో టికెట్ ధర తగ్గుతుందన్న ఆశ నాకైతే లేదు.