బాబీ ఓర్‌ని ఆపింది మోకాలు, ముంచింది మాత్రం వేరొకటి

బోస్టన్‌లో టీడీ గార్డెన్ బయట ఒక కంచు విగ్రహం ఉంటుంది. మనిషి నిలబడి ఉండడు, చేతిలో హాకీ కర్రతో గాల్లో అడ్డంగా ఎగురుతుంటాడు. 1970 మే 10న సెయింట్ లూయిస్ బ్లూస్ జట్టు మీద ఓవర్‌టైమ్ మొదలైన 40 సెకన్లకే బోస్టన్ ఐస్ హాకీ ఆటగాడు బాబీ ఓర్ గోల్ కొట్టడం, అదే ఊపులో అవతలి ఆటగాడు నోయెల్ పికార్డ్ కర్ర కాలికి అడ్డుపడి ఎగరడం, 29 ఏళ్ల తర్వాత బోస్టన్‌కి లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ రావడం, అన్నీ అప్పుడు తీసిన ఒక్క ఫొటోలో ఉన్నాయి, విగ్రహంలో ఉన్నదీ ఆ క్షణమే. ఓర్ అంటే అందరికీ గుర్తొచ్చేది ఆ ఫొటోనే. నాకు మాత్రం ఆ ఫొటో వల్ల అసలు కథ పక్కకి పోయిందనిపిస్తుంది.

ఐస్ హాకీలో డిఫెన్స్‌మన్ పని గోల్ పడకుండా కాపాడటం. పక్ (బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ల) దొరికితే ముందున్నవాళ్లకి అందించి వెనక్కి తగ్గాలి. ఓర్ అందించేవాడు కాదు, తనే తీసుకుని పోయేవాడు. 1970, 1975లలో లీగ్ (ఎన్‌హెచ్‌ఎల్) మొత్తంలో ఎక్కువ పాయింట్లు, అంటే కొట్టిన గోల్స్, గోల్‌కి అందించిన పాస్‌లు కలిపి, అతనివే. ఐపీఎల్‌లో బౌలర్‌కి ఆరెంజ్ క్యాప్ వచ్చిందనుకోండి, అదీ రెండుసార్లు! అంతకుముందు గానీ తర్వాత గానీ ఇంకే డిఫెన్స్‌మన్‌కీ అది చేతకాలేదు. 1970-71 సీజన్‌లో అతను చేసిన 139 పాయింట్లు డిఫెన్స్‌మన్లలో ఇప్పటికీ రికార్డే. ఉత్తమ డిఫెన్స్‌మన్‌కిచ్చే నోరిస్ ట్రోఫీ వరుసగా 8 సార్లు అతని ఇంటికే వెళ్లింది.

ఎడమ మోకాలి గాయాల సంగతి అందరూ రాసిందే. అప్పట్లో చిన్న రంధ్రం గుండా చేసే కీహోల్ సర్జరీలు ఇంకా మామూలు కాలేదు, కోసి తెరవడమే, అలా తెరిచిన ప్రతిసారీ లోపల ఉన్నది కొంచెం తగ్గేది. ముప్పై ఏళ్లకే, 1978లో ఆట వదిలేశాడు. మొత్తం 657 మ్యాచులు, అంతే.

కానీ అతను బోస్టన్ ఎందుకు వదిలాడు? నన్ను పట్టుకున్న ప్రశ్న ఇది. పద్నాలుగేళ్ల వయసులో కెనడాలోని ప్యారీ సౌండ్ అనే చిన్న ఊరి నుంచి తనని ఎంచుకున్న క్లబ్బు, 1976లో అతన్ని ఉంచుకోవడానికి సుమారు 18.5 శాతం వాటా ఇస్తానంది. వింటున్నారా, జీతం కాదు, క్లబ్బులో వాటా! ఆ విషయం తనకి తెలియనే తెలియదంటాడు ఓర్. తాను చెప్పానంటాడు ఏజెంట్ అలన్ ఈగిల్‌సన్. నేను ఓర్ మాటే నమ్ముతాను, ఎందుకంటే ఈ ఈగిల్‌సనే ఆటగాళ్ల సంఘానికి కూడా పెద్ద, క్లబ్బుల యజమానులతోనూ దోస్తీ, ఇక కంచే చేను మేస్తుంటే అడిగేవాళ్లెవరు? ఒకటి మాత్రం ఒప్పుకోవాలి, 1966లో కొత్త కుర్రాడిగా ఓర్‌కి మంచి డబ్బు ఇప్పించింది కూడా ఆయనే. నమ్మకం ఊరికే పుట్టలేదు. అందుకే ఓర్ కాగితాలు చదవడం మానేసి, అన్నీ ఆయనకే వదిలేసి ఆట చూసుకున్నాడు.

అలా షికాగో క్లబ్బుకి వెళ్లాడు. అక్కడ ఆడింది 26 మ్యాచులు. ఆడకుండా జీతం ఎలా తీసుకుంటానని ఆ చెక్కులు మార్చుకోలేదని అంటారు, చేతిలో దాదాపు ఏమీ మిగలని సమయంలో! మంచితనమో మొండితనమో మీరే చెప్పాలి. ఈగిల్‌సన్ 1998లో మోసం కేసుల్లో నేరం ఒప్పుకుని జైలుకెళ్లాడు, ఓర్‌తో పాటు పాత ఆటగాళ్లు పట్టుబట్టడంతో హాకీ దిగ్గజాలకి గౌరవంగా చోటిచ్చే హాల్ ఆఫ్ ఫేమ్ నుంచీ తప్పుకోవాల్సి వచ్చింది. ఓర్‌ని అయితే 1979లోనే, ఆట వదిలాక ఉండే మూడేళ్ల వెయిటింగ్ కూడా పక్కన పెట్టి, 31 ఏళ్లకే అందులోకి తీసుకున్నారు.

తర్వాత ఓర్ పట్టుకున్న పనేంటో తెలుసా? ప్లేయర్ ఏజెంట్. ఈ తరంలో అందరికంటే పెద్ద పేరు కానర్ మెక్‌డేవిడ్, అతను లీగ్‌లో అడుగుపెట్టింది ఓర్ ఏజెన్సీ క్లయింటుగానే.