మర్మం అడగకూడనిదని ఎవరన్నారు?

ఈ మెసేజ్ మళ్ళీ వచ్చింది. ఈసారి పంపింది నాకంటే ఎక్కువగా బైబిలు చదివే అక్క. అందుకే ఊరుకోలేకపోతున్నాను.

అందులో ఉన్నది ఇదీ: బైబిల్లో 'మర్మము' అన్నచోట గ్రీకులో 'ముస్టేరియొన్' అని ఉంటుందట. అది గ్రీకుల రహస్య పూజల నుంచి తెచ్చుకున్న మాటట. మిస్టరీ అంటే మనిషి బుర్రకు అందనిదట. కాబట్టి అభిషేకం పొందిన దైవజనులు చెప్పింది వినాలే గానీ విశ్వాసులు ప్రశ్నలు అడగకూడదట.

గ్రీకు మాట నిజమే. గ్రీకుల రహస్య పూజలు జరిగే ఎల్యూసిస్ అనే ఊళ్ళో దీక్ష తీసుకున్నవాళ్ళు లోపల చూసింది బయట చెప్పకూడదన్నదీ నిజమే. కానీ బైబిల్లోని తన ఉత్తరాల్లో ఈ మాట వాడిన పౌలు యూదుడు. ఆయనకు ముందే దానియేలు 2వ అధ్యాయం గ్రీకు అనువాదంలో ఇదే మాట ఉంది. అక్కడ రాజు కల మర్మాన్ని దేవుడు బయలుపరిస్తే, దానియేలు వెళ్ళి రాజుకు వివరంగా చెప్పేశాడు.

ఇంగ్లీషులో మిస్టరీకి ఈరోజు ఏ అర్థం ఉందన్నది ఇక్కడ అనవసరం.

నాకు కోపం తెప్పించేది ఆఖరి మాట. సందేహం అడిగిన పిల్లలకు 'విశ్వాసం తక్కువ' అని ముద్ర వేసేది ఇలాంటి మాటలతోనే. ఎఫెసీ 3:4 తీయండి. మీరు చదివితే నేను గ్రహించింది మీకూ తెలుస్తుందని పౌలు సంఘమంతటికీ రాశాడు. ఆ మర్మమేంటో 6వ వచనంలో చెప్పేశాడు కూడా: అన్యజనులు సమాన వారసులు. అంతకు ముందు అధ్యాయంలో యూదులకూ అన్యజనులకూ మధ్య ఉన్న గోడ పడిపోయిందన్నాడు. అదే మర్మం పేరు చెప్పి మీరు మళ్ళీ గోడ కడతారా? కొలస్సీ 1:26 ప్రకారం తరతరాలుగా మరుగైనది ఇప్పుడు పరిశుద్ధులకు బయలుపడింది. ఆ ఉత్తరాల్లో పరిశుద్ధులంటే విశ్వాసులందరూ. ఎఫెసీ 6:19లో సంకెళ్ళలో ఉన్న మనిషి, మర్మాన్ని ధైర్యంగా తెలియజేసేలా నాకోసం ప్రార్థించండని ఆ విశ్వాసులనే బతిమాలుకుంటున్నాడు. దాచవలసినదైతే ఆ ప్రార్థన దేనికి?

ఒకటి ఒప్పుకోవాలి. మార్కు 4:11లో వెలుపలివారికి అన్నీ ఉపమానాలుగానే ఉంటాయని యేసు అన్నాడు. అది నాకూ మింగుడుపడని వచనమే. అయితే అదే అధ్యాయం 22లో మరుగైనదేదైనా బయటపడడానికే అన్నదీ ఆయనే. 1 కొరింథీ 14:2లో ఎవరికీ అర్థంకాని మర్మాల ప్రస్తావన కూడా ఉంది. కానీ 19వ వచనానికి వచ్చేసరికి, సంఘంలో ఎవరికీ తెలియని భాషతో పలికే పదివేల మాటలకంటే ఇతరులకు బోధపడే అయిదు మాటలే తనకు ఇష్టమంటాడు పౌలు. అక్కా, మెసేజ్ పంపినవాళ్ళందరికీ ఈ వచనం కూడా పంపు.